రెండు పేర్లు రాసిన చెయ్యి

ఆగండి. పేజీ తిప్పేముందు జర ఆగి ఈ ముచ్చట వినండి. బస్సు పోతే ఇంకో బస్సొస్తది, పొయ్యి మీద అన్నం మాడితే ఇంకో గిన్నె పెట్టుకోవచ్చు. ఇది మాత్రం ఇయ్యాలనే వినాలె, కడుపుల మంట చల్లారకముందే వినాలె.

పోయిన వారం ఏడ ఆగినం? కాజీపేట స్టేషన్ల. ప్లాట్‌ఫారం మీద యాకమ్మను ఇద్దరు పోలీసులు చెరో రెక్క పట్టుకొని గుంజుకపోయిన కాడ. అరవై ఏండ్ల మనిషి. మెడల దేవుని పూసలు, నొసట రూపాయి బిళ్లంత బొట్టు, నెత్తి మీద గంప. గంప కిందపడి అందుల ఉన్న బండారి అంత నేల మీద ఒలికింది. బండి దిగినోళ్లు ఆ దేవుని పసుపు తొక్కుకుంటనే గేటు దాటిన్రు తప్ప, ముసలిదాన్ని ఎందుకు పడ్తాన్రని ఒక్కడు అడగలే.

కొత్తగ చదివేటోళ్లకు ఒక్క ముక్క. యాకమ్మకు పుట్టినప్పుడు పెట్టిన పేరు యాకయ్య. పద్దెనిమిదో ఏట ఒంటి మీదికి దేవుడొచ్చి, శివునితోటి లగ్గమయి, చీర కట్టి యాకమ్మ అయింది. అసొంటోళ్లను మన దిక్కు శివసత్తులంటరు. నలభై ఏండ్లుగ శివరాత్రికి పాలకుర్తి గుట్ట మీదికి సత్తుల బోనం ఎత్తుకపోయేది ఆమెనే. శివరాత్రి ఇంక ఐదు రోజులు ఉన్నది. బోనం ఎత్తేది లాకప్పుల ఉన్నది.

ఇగ చిలుకమ్మ, ఈమె కూడ శివసత్తే. ఇంట్లోళ్లు పెట్టిన పేరు సారంగపాణి. పద్మశాలోళ్ల ఇల్లు, నేత పని. చీర కట్టుకున్నదని అన్నలు తన్ని ఎల్లగొడితే పంతొమ్మిదో ఏట యాకమ్మ గుమ్మం ఎక్కింది, అప్పటిసంది అవ్వ అంటే యాకమ్మనే. ఇప్పుడు ముప్పై నాలుగేండ్లు. కొత్తవాడల సొసైటీ షెడ్డుల జంపఖానాలు నేస్తది. ఏడో తరగతి దాకా చదివింది, రాత ముత్యాల లెక్క ఉంటది. షెడ్డుల షర్టు, ఇంట్ల, గుట్ట మీద చీర, ఇది ఎవ్వరూ నోరు తెరిచి చెప్పకుండనే వాడకట్టంత చేసుకున్న ఒప్పందం. మగ్గం మీద కూసుంటే "ఏమే పాణీ, ఇయ్యాల గాజులు మర్శినవా" అని నవ్వుతరు. అదే మొగోళ్లు శివరాత్రినాడు పెండ్లాం పిల్లల్ని ఏసుకొని గుట్ట మీద ఆమె కాళ్ల మీద పడి, అవ్వా మా పెద్దోనికి కొలువు దొరుకుతదా, చిన్నదానికి సంబంధం కుదురుతదా అని ఏడుస్తరు. పదిహేనేండ్లుగ ఆమె ఈ రెండింటినీ మింగుకుంటనే బతికింది. నవ్వితే నవ్వనీ, మొక్కితే మొక్కనీ అనుకున్నది.

ఆ మింగుడు ఇయ్యాల్టితోటి ఒడిశింది.

యాకమ్మను పట్టుకపోయిన మూడో రోజు మధ్యాహ్నం చిలుకమ్మ వకీలును ఏసుకొని ఠాణకు పోయింది. వకీలు పేరు విజయలక్ష్మి. ఇరవై ఆరేండ్ల పిల్ల, నల్ల కోటు ఏసి రెండేండ్లు కూడ కాలే, లూనా మీద కోర్టుకొస్తది. ఈ కేసు పట్టుకున్నదని బార్ రూములో పెద్ద వకీళ్లంత చాయ్ తాగుకుంట ఆమెను ఏడిపిచ్చిన్రట, ఫీజు కింద శాపనార్థాలు ఇస్తరేమో అమ్మా అని. అందుకే ఆమె ముక్కు మీద కోపం ఇంక దిగలే.

ఠాణకు చీర కట్టుకొని రావొద్దని చిలుకమ్మకు ముందే చెప్పింది. ఎందుకని అడిగితే, యాకమ్మను ఎందుకు పట్టిన్రో తెలిసేదాకా చెప్పలేనన్నది. చిలుకమ్మ షెడ్డు షర్టు, ప్యాంటు ఏసుకొని, మెడ దాకా గుండీలు పెట్టుకొని వచ్చింది. పూసలు కనపడొద్దని.

వరండల బెంచీ మీద హెడ్ కానిస్టేబుల్ వెంకట్రాజం కూసోని పేపరు చదువుతాండు. ఇంటి పక్క వీధి మనిషి. లోకంల అందరికన్న చిలుకమ్మకు బాగ తెలిసిన పోలీసు ఎవరంటే ఈయననే. ఆమెను కాళ్లకాన్నుంచి నెత్తిదాకా చూసి నవ్విండు.

"ఏం పాణీ, ఇయ్యాల మొగోని లెక్క తయారైనవ్. ప్యాంటు మంచిగనే పట్టింది."

లోపట ఇంకెవరో కిసుక్కుమన్నరు. విజయలక్ష్మి బెంచీ ముంగట నిలబడి, యాకయ్య ఉరఫ్ యాకమ్మను ఏ దఫా, ఏ సెక్షన్ కింద తెచ్చిన్రో చెప్పుమని అడిగింది. పెద్ద సారు క్యాంపుల ఉన్నడు, వచ్చినంక చెప్తడు, మీరు రేపు రాండ్రి అని పేపరు మలుపుకున్నడాయన. ఇరవై నాలుగు గంటలల్ల మేజిస్ట్రేట్ ముంగట నిలబెట్టాలె, ఇయ్యాలకు మూడో దినం అని ఆమె అన్నది. ఆయన చాయ్ తెప్పియ్యాన్నా అని అడిగిండు.

"చాయ్ వద్దు హెడ్డుగారూ. నేను ఇక్కన్నుంచి సీదా కోర్టుకు పోత. నేను అడిగేది మేజిస్ట్రేట్‌ను. ఆయన అడిగేది మీ పెద్ద సారును. పెద్ద సారు అడిగేది ఎవర్నో మీకే తెలుసు."

వెంకట్రాజం పేపరు పక్కకు పెట్టిండు. లేచి, లోపటి బీరువ తాళం తీయబోయిండు.

ఆయన తాళంచెవులు ఎతుకుతాంటె చిలుకమ్మ కన్ను లాకప్పు మీద పడ్డది. ఒక మూలకు యాకమ్మ గోడ దిక్కు తిరిగి కూసున్నది. ఒంటి మీద ఎవరిదో లుంగీ, చినిగిన బనీను. చీర తీసేశిన్రు. ఆ చీర ఏడికో పోలే, కండ్ల ముందటనే ఉన్నది. కాయిదాలు రాసే రైటర్ టేబుల్ మీద మడతపెట్టి, సుతిలి తాడు కట్టి, కాయిదం చీటీ అంటిచ్చి పెట్టిన్రు. దొంగల కాడ దొరికిన సైకిళ్లకు, రాగి బిందెలకు కట్టే చీటీ. ఎర్రంచు పచ్చ చీర, పోయిన శివరాత్రికి చిలుకమ్మ కొనిచ్చిన చీర, కేసుల సొత్తయింది.

అవ్వా అని పిలిచింది. యాకమ్మ తిరగలే. ఇంకోసారి పిలిచింది.

"చీర తెచ్చినవా?"

గోడతోటి మాట్లాడినట్టు అడిగింది. లేదవ్వా, తేనియ్యరు అని చిలుకమ్మ చెప్పింది.

"అయితే నన్ను చూడకు. పో."

అంతే. అరవై ఏండ్ల మనిషి, ఊళ్లె అమ్మవారు పోసినప్పుడు ఇంటింటికీ ఏపాకు పట్టుకొని తిరిగిన మనిషి, బనీను మీద ఉన్న తనను బిడ్డ కూడ చూడొద్దని గోడకు మొకం పెట్టుకున్నది. చిలుకమ్మ తన షర్టు దిక్కు చూసుకున్నది. లోపటున్న అవ్వకు చీర గుంజుకొని మొగోని బట్ట తొడిగిన్రు. తను మాత్రం ఎవ్వడు గుంజకుండనే తొడుక్కొని వచ్చింది. ఆ షర్టు ఒంటికి నిప్పంటినట్టయింది.

గప్పుడు వెంకట్రాజం ఆ పుస్తకం తెచ్చి టేబుల్ మీద పెట్టిండు.

పొడుగు పుస్తకం, నల్ల అట్ట, మూలలకు ఎర్ర బట్ట. మొదటి పేజీల పాత ఉర్దూ రాత, దాని మీద ఇంగ్లీషుల టైపు కొట్టిన కాయిదం అతికిచ్చి ఉన్నది. విజయలక్ష్మి నిలబడే చదివింది. చదువుకుంట చదువుకుంట కూసున్నది. ఇది నిజాం జమాన్ల పుట్టిన కానూన్, ఇంకా బతికే ఉన్నదని నాకు తెల్వదు అని తనలో తనే అన్నది. తర్వాత పేజీ తిప్పింది.

పదకొండు పేర్లు. యాకయ్య, పక్కన యాకమ్మ. పోశయ్య, పక్కన పోశమ్మ. ప్రతి మనిషికీ రెండు పేర్లు, ఒకటి ఇంట్లోళ్లు పెట్టింది, ఒకటి దేవుడిచ్చింది. పక్కన నీలి ఇంకుల ఏలిముద్ర. ఆఖరి పేరు కాడ ఏలిముద్ర లేదు, దస్కత్ ఉన్నది. సారంగపాణి, చిలుకమ్మ.

"ఈ రాత ఎవరిది?" అని వకీలు అడిగింది. "పోలీసోళ్ల రాత ఇంత మంచిగ ఉండది."

ఆ పదకొండు పేర్లు, రెండు రెండు పేర్లు, ముత్యాల లెక్క రాసింది చిలుకమ్మనే.

జరిగింది ఇది. నాలుగు నెలల కింద, దీపావళి అయిన వారానికి, ఇదే వెంకట్రాజం ఇదే పుస్తకం చంకల పెట్టుకొని చిలుకమ్మ ఇంటికొచ్చిండు. అవ్వా అనుకుంటనే వచ్చిండు, గుమ్మం బయట చెప్పులిడిశి వచ్చిండు. పోయిన జాతర్ల తొక్కిసలాట అయి ఇద్దరు సత్తులు మెట్ల మీద పడ్డరు గదా, ఈసారి సర్కారు సత్తులకు సపరేట్ లైన్ పెడతాంది, పాసులిస్తది, పేర్లు కావాలె అన్నడు. మొదటి పేజీ ఎనుకకు మలిచి క్లిప్పు పెట్టి ఉన్నది, చిలుకమ్మకు కనపడ్డది ఖాళీ గీతల పేజీ మాత్రమే, క్లిప్పు తీసి చూసినా ఉర్దూ, ఇంగ్లీషు ఆమెకు రావు.

ఆమెకు ఎంత ఖుషీ అయిందో. సర్కారోళ్లు మా పేర్లు అడుగుతాన్రు. రేషన్ కార్డు మీద లేవు, ఓటరు లిస్టుల లేవు, ఏ ఇంటి తలుపు మీద లేవు, జాతర్లనన్న రాసుకుంటాన్రు. వెంకట్రాజం ఇంట్లోళ్లు పెట్టిన పేర్లు చాలు అన్నడు. చిలుకమ్మనే ఒప్పుకోలే. సత్తికి దేవుడిచ్చిన పేరు ఇడిశిపెట్టి ఏ కాయిదం రాసినా అది చెల్లదు, అది వాళ్ల ఆచారం. లగ్గమయిననాడు గురువు చెవిల చెప్పిన పేరు ముందల పెట్టకుండ బోనం కూడ ఎత్తరు. రెండు పేర్లూ రాయాలె, ఇది మగ పేరు, ఇది మా అసలు పేరు అని పట్టుబట్టింది. నా రాత బాగుండది, నువ్వే రాయి అవ్వా అని పుస్తకం ఆమె చేతుల పెట్టి పోయిండాయన. ఆమె షెడ్డు ఆఫీసుల స్టాంపు ప్యాడు అడుక్కొని, హన్మకొండ పోయింది, ఖిలా వరంగల్ పోయింది, ఇంటింటికి తిరిగి పదిమంది చేతులు పట్టుకొని ముద్రలేయించింది. ఒకామె భయపడితే, ఎందుకే ఫికర్, నేను లేనా, చదువుకున్నదాన్ని అని నవ్వింది. యాకమ్మ ఏలికి ఇంకు పెట్టి, తన కొంగుతోటే తుడిచింది.

"మేడం," అన్నది చిలుకమ్మ, "జాతర పాసులకని హెడ్డు ఒక్క పేరే అడిగిండు, నేనే రెండు రాసిన. అందుల ఏమున్నది?"

విజయలక్ష్మి పుస్తకాన్ని మల్ల మొదటి పేజీకి తిప్పింది. చెప్పక తప్పదని చెప్పింది. కొజ్జాల రిజిస్టర్ అంటరు దీన్ని. ఊళ్లె ఉన్న అసొంటోళ్లలో ఎవరి మీదనన్న పిల్లల్ని ఎత్తుకపోయి, కోసి తమ లెక్క చేస్తరని, ఖరాబు పనులు చేస్తరని అనుమానం ఉంటే వాళ్ల పేర్లు రాసే పుస్తకం. పుస్తకంల పేరు ఎక్కినంక ఆ మనిషి ఆడబట్ట కట్టుకొని సడక్ మీద కనపడితే చాలు, ఆడితే, పాడితే చాలు, వారంటు లేకుండ పట్టుకోవచ్చు. రెండేండ్ల జైలు.

"అంటే చీర కట్టుడు నేరమా?"

"కాదు. అదే గదా. పుస్తకంల లేనోడు చీర కట్టుకొని చౌరస్తాల నిలబడ్డా ఈ కానూన్ వాణ్ని ముట్టుకోలేదు. పుస్తకంల ఉన్నోడు కడితేనే నేరం."

నలభై ఏండ్లు యాకమ్మ చీర కట్టుకొని తిరిగింది, నేరం కాలే. పాలకుర్తి పోయింది, ఏటూరునాగారం దాకా పోయింది, రైలెక్కింది, నేరం కాలే. నాలుగు నెలల కింద చిలుకమ్మ ఆమె పేరు రాసింది, ఆనాటిసంది నేరమయింది.

ఇంకా ఉన్నది. అసొంటోడని ఎట్ల తేలుస్తరు అంటే కానూన్ల రెండే తొవ్వలున్నయట. డాక్టర్ బట్టలిప్పి చూసి చెప్పాలె, లేదంటే ఆ మనిషి తనంతట తను ఒప్పుకోవాలె. మగ పేరు ఇది, అసలు పేరు ఇది అని సొంత చేత్తోని రాసి దస్కత్ పెడితే, దానికంటె ఒప్పుకోలు ఏముంటది అన్నది వకీలు. హెడ్డు అడిగింది ఒక్క పేరే. నువ్వు ఒక్క పేరే రాసి ఉంటే వాళ్ల కాడ రుజువే లేదు.

ఆచారం తప్పొద్దని రాసింది. దేవుని పేరు ఇడవొద్దని రాసింది. ఆ దేవుని పేరునే తీసుకపోయి దొంగల లిస్టుల పెట్టిన్రు.

వెంకట్రాజం కిటికీ కాడ నిలబడి బీడీ ముట్టిచ్చుకుంటాండు. చిలుకమ్మ లేచి ఆయన ముంగటికి పోయింది. గొంతు పెద్దగ చేయలే. అదే హెడ్డు‌కు భయమైనట్టున్నది, అగ్గిపుల్ల ఏలి దాకా కాలినా ఇసిరేయలే.

"నీ బిడ్డకు ఎన్నేండ్లిప్పుడు?" అని అడిగింది.

ఆయన అగ్గిపుల్ల కింద పడేశిండు.

"నేను చెప్తా. శివరాత్రికి ఆరు నిండుతయి. నీకు మూడు కానుపులు పోయినంక పుట్టింది. ఇరవై ఒకటో రోజున నీ పెండ్లాం శ్యామలమ్మ గుట్ట మీదికి ఎత్తుకొచ్చి నా ఒళ్లె ఏశింది. నువ్వు యూనిఫాం మీదనే సాగిలపడ్డవ్. అవ్వా, ఈమె బతకాలె, నువ్వే పేరు పెట్టు అన్నవ్. మల్లీశ్వరి అని పెట్టింది నేను. జెరమొస్తే ఇయ్యాల్టికీ శ్యామలమ్మ నా దగ్గరికి బండారి కోసం మనిషిని తోలిస్తది. వెంకట్రాజం, పిల్లల్ని ఎత్తుకపోయేదాని ఒళ్లె నీ బిడ్డను ఎట్ల ఏశినవయా?"

"పాణీ, ఠాణల ఇసొంటి మాటలు..."

"పాణి ఎవడు? నా ఇంటికొచ్చిననాడు అవ్వ అన్నవ్. చెప్పులిడిశినవ్. ఆనాడు ఎవరికి ఇడిశినవ్?"

లోపట నవ్విన కానిస్టేబుల్ ఇప్పుడు తలకాయ వంచుకొని ఏదో రాస్తున్నట్టు చేస్తాండు. వెంకట్రాజం బీడీ పారేసి, గొంతు తగ్గించి, ఒకటే మాట తిప్పి తిప్పి చెప్పిండు. నా చేతుల ఏముంది, పై నుంచి ఒత్తిడి. పిల్లల్ని ఎత్తుకపోయేటోళ్లు తిరుగుతాన్రని ఊళ్లె పుకారు లేసింది, పేపర్ల పడ్డది, ఏం చేసిన్రని పైనోళ్లు అడిగిన్రు. పాత పుస్తకం ఒకటి ఖాళీగ పడి ఉంటే, దీన్ని నింపుండ్రి, చూపించనీకె అయితది అన్నరు. నిజంగ పట్టుకుంటరని నేను అనుకోలే, జాతర అయినంక బీరువల పడి ఉంటది అనుకున్న.

"ఒక్క పిల్లగాడన్న పోయిండా ఊళ్లె?" అని వకీలు అడిగింది.

ఒకడు పోయిండట. రెండో రోజే దొరికిండట, మేనమామ ఇంట్ల.

చిలుకమ్మ నవ్వింది. నవ్వి, ఎవ్వరూ అనుకోనంత గభాలున టేబుల్ కాడికి పోయి ఆ పేజీ పట్టుకున్నది. చింపుడే మిగిలింది. విజయలక్ష్మి రెండు చేతులతోటి ఆమె మణికట్టు పట్టుకున్నది. సర్కారు కాయిదం చింపితే అది ఇంకో నేరం, లోపట ఇద్దరైతరు, బయట ఎవ్వరు మిగలరు అని చెవిల చెప్పింది. చిలుకమ్మ పిడికిలి ఇప్పడానికి చాన సేపు పట్టింది. పేజీ మూల నలిగిపోయింది. ఆ నలిగిన కాడ యాకమ్మ ఏలిముద్ర ఉన్నది.

గప్పుడు లాకప్పుల నుంచి గొంతు వినపడ్డది.

"చదువుకున్నదానివని నమ్మినం బిడ్డా."

తిట్టినట్టు లేదు, ఏడ్సినట్టు లేదు. మొదటి రాత్రే వాళ్లు ఆ పేజీ తెచ్చి చూపిచ్చిన్రట, ఇది మీ పాణి రాతనే గదా అని నవ్విన్రట. మూడు రోజులుగ ఆ ముసల్ది ఆ మాట మీద కూసోని ఉన్నది. చిలుకమ్మ ఊసలు పట్టుకొని నిలబడ్డది. తప్పయిందవ్వా అనాలె. తప్పయింది అనే మాట ఇంత పెద్ద తప్పుకు సరిపోదు.

విజయలక్ష్మి ఆమెను వరండ దాటి బయటికి గుంజుకపోయి, వేపచెట్టు కింద లూనా సీటు మీద బ్యాగు పెట్టి మాట్లాడింది. యాకమ్మకు రేపు బెయిలు తెస్త, మూడు రోజులు పెట్టుకున్నందుకు వీళ్లను నిలబెడ్త. గని లాభం ఏమున్నది? గేటు దాటి చీర కట్టంగనే మల్ల పడ్తరు. ఆమె ఒక్కతే కాదు, పదకొండు మందీ. శివరాత్రికి గుట్ట కింద లారీ పెట్టుకొని కూసుంటరు. పుస్తకంల నుంచి పేర్లు పోతేనే బతుకు.

పేర్లు పోవడానికి ఆ కానూన్లనే ఒక తొవ్వ ఉన్నదట. పేరు తప్పుగ ఎక్కిందని కలెక్టర్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. కలెక్టర్ రేపటిసంది క్యాంపు, శివరాత్రి అయినంక వస్తడు. అర్జీ ఇయ్యాల ఐదు గంటలలోపట పడాలె. ఇప్పుడు మధ్యాహ్నం రెండు.

అర్జీల ఏం రాయాలెనో చెప్పేటప్పుడు ఆ పిల్ల చిలుకమ్మ మొకం దిక్కు చూడలే.

చిలుకమ్మ అని వచ్చి మోసపోయిన అంటే వినరు. పుస్తకంల పదకొండో పేరు ఆమెదే, ఆమె మాట చెల్లదు. సారంగపాణి అని రావాలె. సొసైటీ మెంబరు, కార్డున్నోడు, జంపఖానాలు నేసే మగ్గపోడు. నేను మగవాణ్ణి, సంసారానికి పనికొచ్చేవాణ్ణి, చీర ఎన్నడూ కట్టలేదు, చిలుకమ్మ అనే పేరు నాది కాదు. జాతర పాసులని పోలీసు చెప్తే, పాపం చదువు రానోళ్లని నేను రాసిపెట్టిన, ఆ రెండో పేర్లు నేను కల్పించి రాసినయి, వాళ్లెవరూ ఏదీ ఒప్పుకోలే. ఇట్ల ప్రమాణం చేసి దస్కత్ పెట్టాలె. అనుమానమొస్తే దవాఖానకు పంపుతరు, బట్టలిప్పాలె. ఒప్పుకోలు అబద్ధమని తేలితే పదకొండు పేర్లు ఒక్క దెబ్బకు కొట్టేస్తరు.

"అబద్ధం రాయుమని నీకు చెప్పే హక్కు నాకు లేదు," అన్నది విజయలక్ష్మి. "సొంత ముచ్చట చెప్తే జైలు, అబద్ధం చెప్తే బయట. ఇది కానూనట. దీని కోసం నేను ఐదేండ్లు చదివిన. అర్జీ నేను రాసిస్త, దస్కత్ నీ ఇష్టం."

బ్యాగుల నుంచి తెల్ల కాయిదం తీసి, సీటు మీదనే అర్జీ రాసి ఇచ్చింది. కింద గీత, గీత మీద ఖాళీ.

సత్తి దేవుని పేరు నాది కాదని నోటితోటి అంటే ఏమైతదో చిలుకమ్మకు తెలుసు. మెడల పూసలు తెంపుతరు. జాతర్ల దేవునికి ఏసే పట్నం ముగ్గు మీద కాలు పెట్టనియ్యరు. చచ్చినంక సత్తులు పాడె మోయరు, ఇంటోళ్లు ఎట్లా మోయరు. పదిమందిని బయటికి తెచ్చిన మనిషి ఆ పదిమందిల లేకుండ పోతది. అవ్వ బోనం ఎత్తుకొని గుట్ట ఎక్కుతాంటె తను కింద షర్టు మీద నిలబడి చూడాలె, బతికినన్ని దినాలు.

రాయకపోతే అవ్వ గోడకు మొకం పెట్టుకొని రెండేండ్లు.

కాయిదం పట్టుకొని ఊసల కాడికి మల్ల పోయింది. అందుల ఉన్నదంత, అవ్వకే వినపడేంత మెల్లగ, ఒక్క అక్షరం దాయకుండ చదివి వినిపిచ్చింది. చిలుకమ్మ అనే పేరు నాది కాదు అనే కాడ ఆగింది, ఆ ముక్క ఇంకోసారి చదివింది. ఏం చెయ్యాలవ్వా అని అడిగింది.

యాకమ్మ మూడు రోజులల్ల మొదటిసారి ఇటు తిరిగింది. బనీను మీద చేతులు అడ్డం పెట్టుకొని తిరిగింది. కండ్లు ఎర్రగ ఉన్నయి, అందుల నీళ్లు లేవు.

"రాయకు అంటే నేనిక్కడ చస్త. రాయి అంటే నువ్వు బయట చస్తవ్. వీళ్లు నా చీర గుంజిన్రు, ఇప్పుడు నీ మాట నా నోట్ల నుంచి గుంజాలె అని చూస్తాన్రు. నేనియ్య. నన్నడగకు బిడ్డా."

మల్ల గోడ దిక్కు తిరిగింది.

వరండల వెంకట్రాజం గడియారం చూసుకుంటాండు. కలెక్టరేట్ దాకా లూనా మీద ఇరవై నిమిషాలు. విజయలక్ష్మి కిక్కు కొట్టి, ఇంజిను నడిపిచ్చుకుంటనే కూసున్నది, తొందర పెట్టలే. చిలుకమ్మ ఒక చేత్తోని ఊసలు పట్టుకున్నది, ఇంకో చేతుల ఆ కాయిదం ఉన్నది.

మీరు చెప్పండి. శివరాత్రినాడు ఆమె కాళ్లు మొక్కినోళ్లు, మగ్గం మీద ఆమెను చూసి నవ్వినోళ్లు, కాజీపేటల ఆ పసుపు తొక్కుకుంట పోయినోళ్లు, అందరూ చెప్పండి. నీ పేరు నీది కాదని నువ్వే రాసిస్తేనే నీ తల్లిని ఇడిశిపెడ్తం అంటే, మీరైతే ఏం చేసేటోళ్లు?